ఆ ఎరుపు అద్దినది కాదు, కానీ ఎన్ని రెట్లు పెంచారో అచ్చు వేయండి

సంపాదకులకు,

మీ ఆదివారం సంచిక విజ్ఞాన పుటలో ఈమధ్య అచ్చయిన దేవయాని గెలాక్సీ ఛాయాచిత్రాన్ని, దాని కింద వేసిన "అసలు రంగుల్లో" అన్న వ్యాఖ్యను చూశాను. మరుసటి వారం ఒక పాఠకుడు రాసిన ఆక్షేపణనూ చదివాను. గెలాక్సీ చేతుల వెంబడి కుంకుమ చల్లినట్టున్న ఎర్రని చుక్కలు కంప్యూటర్‌లో అద్దినవేననీ, అటువంటిదాన్ని ఛాయాచిత్రమని పిలవకూడదనీ ఆయన వాదించారు. కొన్నేళ్లుగా ఇలాంటి చిత్రాలు తీస్తూ, వాటిని ప్రాసెస్ చేస్తూ రాత్రులు గడుపుతున్నవాడిగా నాకు మీ వ్యాఖ్యతోనూ పేచీ ఉంది, ఆయన ఆక్షేపణతోనూ పేచీ ఉంది. ఆ ఎరుపును ఎవరూ అద్దలేదు, అది కొలిచినదే. అయితే తక్కిన చిత్రంతో పాటు ఒకే కొలతలో వచ్చినది కాదు. వేరే ఫిల్టరుతో, బహుశా వేరే రాత్రి కొలిచి, తెచ్చి కలిపినది. ఆ సంగతి చెప్పకుండా "అసలు రంగులు" అనేయడం వల్లనే అనుమానానికి చోటు దొరికింది.

ముందుగా ఈ కలపడం ఏమిటో చెబుతాను. బ్రాడ్‌బ్యాండ్ ఫిల్టర్లు, అంటే మామూలు ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు, ఒక్కొక్కటి తరంగదైర్ఘ్యంలో సుమారు 100 నానోమీటర్ల వెడల్పున కాంతిని లోపలికి రానిస్తాయి. మూడూ కలిసి కంటికి కనిపించే 400 నుంచి 700 నానోమీటర్ల మేరను దాదాపు మొత్తం పట్టుకుంటాయి. నేరోబ్యాండ్ ఫిల్టరు వెడల్పు 3, 5 లేదా 7 నానోమీటర్లు మాత్రమే. అది ఒక మూలకం వెలువరించే ఒక్క రేఖ, అంటే ఒకే తరంగదైర్ఘ్యపు వెలుగు, కోసమే తలుపు తీస్తుంది. హైడ్రోజన్ ఆల్ఫా రేఖ 656.3 నానోమీటర్ల దగ్గర, రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్ రేఖ 500.7 దగ్గర, గంధకపు జంట రేఖలు 671.6, 673.1 దగ్గర ఉంటాయి. నక్షత్రాల కాంతి వర్ణపటం పొడుగునా పరుచుకుని ఉంటే, దగ్గరలోని వేడి నక్షత్రాల అతినీలలోహిత కాంతికి అయనీకరణం చెందిన పలుచని వాయువు మాత్రం ఇలాంటి కొన్ని రేఖల్లోనే వెలుగుతుంది. అందుచేత 7 నానోమీటర్ల ఫిల్టరు పెట్టినప్పుడు హైడ్రోజన్ వెలుగు దాదాపు పూర్తిగా లోపలికి వస్తుంది, వీధి దీపాల వెలుతురూ వెన్నెలా కలిసిన ఆకాశపు తెల్లదనం మాత్రం ఎరుపు ఫిల్టరులో వచ్చేదానిలో పదిహేనో వంతుకు అటూఇటూగా పడిపోతుంది.

అలాగైతే అన్నీ నేరోబ్యాండ్‌లోనే తీయవచ్చు కదా అని అడగవచ్చు. తీయకూడదు, ఎందుకంటే ఆకాశంలో ఉన్న వెలుగంతా రేఖల వెలుగు కాదు. కృత్తికల చుట్టూ ఉన్న నీలపు పొగ తనంతట తాను వెలిగే వాయువు కాదు. ఆ నక్షత్రాల కాంతినే ధూళి మనవైపు చెదరగొట్టగా కనిపించేది. హైడ్రోజన్ ఫిల్టరుతో కృత్తికలను ఎన్ని గంటలు తీసినా ఆ నీలం రాదు. ధనుస్సు రాశిలోని ఎం20 నీహారికలో ఎర్రగా వెలిగే వాయువూ, దాని పక్కనే నీలపు ధూళీ రెండూ ఉన్నాయి; దాన్ని ఒక్క నేరోబ్యాండ్‌తో తీస్తే సగం నీహారిక మాయమవుతుంది, ఒక్క బ్రాడ్‌బ్యాండ్‌తో వెలుతురు నిండిన ఆకాశం కింద తీస్తే వాయువులోని పలుచని పోగులు నాయిస్‌లో, అంటే కొలతలో తప్పని గింజుగింజు హెచ్చుతగ్గుల్లో, కలిసిపోతాయి. గెలాక్సీల విషయంలో ఈ అవసరం ఇంకా ఎక్కువ, ఎందుకంటే గెలాక్సీ అంటే ప్రధానంగా కోట్లాది నక్షత్రాల వెలుగు, హైడ్రోజన్ మేఘాలు అందులో అక్కడక్కడా పొదిగినట్టు ఉంటాయి.

నేను ఈ పని మొదలుపెట్టిన కొత్తలో దేవయాని గెలాక్సీ మీదే ఒక పొరపాటు చేశాను. హైడ్రోజన్ చిత్రం స్ఫుటంగా, అందంగా వచ్చింది కదా అని, దాన్నే మొత్తం రంగుల చిత్రానికి ప్రకాశపు పొరగా వాడాను. గెలాక్సీ చేతుల్లోని నీలం చచ్చిపోయింది, హైడ్రోజన్ మేఘాలు ఎర్రగా కాక వెలిసిపోయిన గులాబీ రంగులోకి మారాయి, చాలా నక్షత్రాలు తమ రంగు పోగొట్టుకున్నాయి. తప్పు ఎక్కడుందో తెలియడానికి నాకు చాలా రోజులు పట్టింది. హైడ్రోజన్ ఫిల్టరు తెచ్చినదంతా హైడ్రోజనే అనుకోవడమే ఆ తప్పు.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పక తప్పదు, మన్నించాలి. ఎరుపు ఫిల్టరు వెడల్పు 100, హైడ్రోజన్ ఫిల్టరు వెడల్పు 7 నానోమీటర్లు అనుకుందాం. కెమెరా తనపై పడిన కాంతిని ఎలక్ట్రాన్లుగా లెక్కిస్తుంది; గెలాక్సీలో ఒకచోట నక్షత్రకాంతి నానోమీటరుకు 10 ఎలక్ట్రాన్ల చొప్పున, హైడ్రోజన్ రేఖ మొత్తం 100 ఎలక్ట్రాన్లుగా నమోదైందనుకుందాం. ఎక్స్‌పోజర్ సమానమైతే, ఎరుపు ఫిల్టరులో వచ్చేది 1000కి 100 కలిపి 1100. హైడ్రోజన్ ఫిల్టరులో వచ్చేది 70కి 100 కలిపి 170. అంటే హైడ్రోజన్ చిత్రం అని మనం పిలుస్తున్నదానిలో నూటికి 41 వంతులు నక్షత్రకాంతే. ఆ 170ని నేరుగా ఎరుపులో కలిపితే గెలాక్సీ నడిమి పసుపు ముద్దకు, ప్రతి నక్షత్రానికి కూడా, వాటిలో లేని ఎరుపు అంటుతుంది. మీ పాఠకుడి అనుమానం అటువంటి చిత్రం విషయంలో అక్షరాలా సరైనదే అవుతుంది.

దీనికి విరుగుడు తీసివేత. హైడ్రోజన్ విలువను 100తో, ఎరుపు విలువను 7తో గుణించి, మొదటిదానిలోంచి రెండోదాన్ని తీసివేసి, మిగిలినదాన్ని 93తో భాగించాలి. పై ఉదాహరణలో 17000లోంచి 7700 పోతే 9300, దాన్ని 93తో భాగిస్తే 100. మనం వెతుకుతున్న హైడ్రోజన్ సరిగ్గా అంతే. ఇదే లెక్క హైడ్రోజన్ రేఖ లేని ఒక నక్షత్రం మీద వేస్తే సున్నా వస్తుంది. వృత్తి ఖగోళ శాస్త్రజ్ఞులు గెలాక్సీల్లో నక్షత్రాలు పుట్టే చోట్లను కొలవడానికి ఎంతోకాలంగా చేస్తున్న పని కూడా ఇదే. ఔత్సాహికులం మేము సొంతంగా కనిపెట్టిన కిటుకేమీ కాదు.

ఆచరణలో ఫిల్టర్ల పారదర్శకత, ఎక్స్‌పోజర్ నిడివి, ఆ రాత్రి గాలి స్వచ్ఛత ఒకేలా ఉండవు కనుక ఆ 7, 100 అనే అంకెలను గుడ్డిగా నమ్మలేం. ఎరుపును ఎంత పాలున తీసివేస్తే నక్షత్రాలు చిత్రంలోంచి సాఫీగా మాయమవుతాయో చూసుకుంటూ ఆ పాలును సవరించుకోవాలి. తక్కువ తీస్తే గెలాక్సీ నడిబొడ్డు గులాబీ ముద్దగా మిగిలిపోతుంది. ఎక్కువ తీస్తే అక్కడ నల్లని గొయ్యి పడుతుంది. రెండు చిత్రాల్లోనూ నక్షత్రాలు ఒకే పరిమాణంలో లేకపోతే, అంటే ఒక రాత్రి గాలి నిలకడగా ఉండి మరొక రాత్రి లేకపోతే, తీసివేత తరువాత ప్రతి నక్షత్రం చుట్టూ ఒక ఉంగరం మిగులుతుంది. ఈ పనంతా స్ట్రెచ్ చేయకముందే, అంటే మసక భాగాలు కనిపించేలా ప్రకాశాన్ని సాగదీయకముందే, పిక్సెల్ విలువ పడిన కాంతికి అనులోమంగా ఉన్న దశలోనే చేయాలి. ముందు స్ట్రెచ్ చేసి తరువాత తీసివేస్తే పై కూడికలకూ గుణకారాలకూ అర్థమే ఉండదు. ఆకాశపు వెలుగు ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువగా ఉంటే ఆ వాలును కూడా రెండింటిలో విడివిడిగా సరిచేసుకున్నాకనే తీసివేతకు దిగాలి. పిక్స్‌ఇన్‌సైట్, సిరిల్ వంటి సాఫ్ట్‌వేర్లలో ఇది చాలావరకు కొన్ని పంక్తుల సూత్రంగా రాసుకోగలిగినదే, కానీ ఆ పాలును నిర్ణయించేది మాత్రం చూసే మనిషే.

ఇక అసలు చిక్కు. పై ఉదాహరణలో ఎరుపు ఫిల్టరు విలువ 1100లో హైడ్రోజన్ తాలూకు 100 అప్పటికే ఉంది. మళ్లీ కలపడమెందుకు? పక్కనున్న 1000తో పోలిస్తే 1100 అనేది పది శాతమే ఎక్కువ, దానిలో సహజంగా ఉండే నాయిస్ వర్గమూలం లెక్కన 33. అంటే మన 100 నాయిస్‌కు మూడు రెట్లే. హైడ్రోజన్ ఫిల్టరులో 170కి నాయిస్ 13, అందులో అదే 100 దాదాపు ఎనిమిది రెట్లుగా నిలబడుతుంది. ఆకాశపు వెలుతురు కూడా లెక్కలోకి తీసుకుంటే ఎరుపు ఫిల్టరు పరిస్థితి ఇంకా దిగజారుతుంది. కాబట్టి నేరోబ్యాండ్ చిత్రం మనకు ఇచ్చేది ప్రధానంగా ఒక నమ్మకమైన పటం: ఏ పిక్సెల్‌లో హైడ్రోజన్ ఉంది, పక్క పిక్సెల్‌తో పోలిస్తే ఎంత ఉంది అన్నది. ఆ పటాన్ని ఎన్ని రెట్లు చేసి ఎరుపుకు కలపాలన్నది మాత్రం చిత్రకారుడి ఇష్టం. మూడు రెట్లు కలిపితే 1100 కాస్తా 1400 అవుతుంది, పది శాతం తేడా నలభై శాతమవుతుంది. ఎరుపు ఎక్కడుందన్నది కొలత, ఎంత గాఢంగా ఉందన్నది ఎంపిక. మీ వ్యాఖ్య ఈ ఎంపికను దాచింది. మీ పాఠకుడు ఆ కొలతనే కాదన్నారు.

ఆ ఎంపికలోనూ భౌతికశాస్త్రం కొంత దారి చూపుతుంది. హైడ్రోజన్ 656.3 దగ్గర వెలిగినప్పుడల్లా 486.1 దగ్గర నీలి ఆకుపచ్చలోనూ వెలుగుతుంది, ధూళి అడ్డు లేనిచోట సుమారు మూడో వంతు బలంతో. అందుకే ఎరుపులో మాత్రమే కలిపితే నీహారిక ఇటుక రంగులోకి పోతుంది, నీలంలోనూ కొద్దిపాలు కలిపితే దాని సహజమైన గులాబీ ఎరుపు వస్తుంది. ధూళి నీలాన్ని ఎక్కువగా మింగుతుంది కనుక నేను సాధారణంగా మూడో వంతు కాక ఐదో వంతు కలుపుతాను. ఇది నా అలవాటే తప్ప నియమం కాదు. 500.7 దగ్గరి ఆక్సిజన్ రేఖ నీలం, ఆకుపచ్చ ఫిల్టర్ల సరిహద్దులో పడుతుంది కనుక దాన్ని రెండింటికీ పంచాలి. కంటికి ఏ రంగు కనిపిస్తుందన్నదానికి ఇదే దగ్గరి ఉదాహరణ కూడా: ఓరియన్ మహా నీహారికను టెలిస్కోపులో చూసినవారికి అది తరచు ఆకుపచ్చ బూడిద రంగులో కనిపిస్తుంది, ఎర్రగా కాదు. చీకటికి అలవాటుపడిన కంటికి 507 నానోమీటర్ల దగ్గర చూపు పదును ఎక్కువ, హైడ్రోజన్ ఎరుపు దగ్గర దాదాపు గుడ్డి. కాబట్టి "కంటికి కనిపించేదే అసలు రంగు" అన్న కొలబద్ద పెట్టుకుంటే దేవయాని గెలాక్సీని నలుపు తెలుపులోనే అచ్చు వేయాల్సి ఉంటుంది.

నక్షత్రాల విషయం క్లుప్తంగా చెబుతాను. నీహారికను పూర్తిగా నేరోబ్యాండ్‌లో తీసినా, నక్షత్రాలకు మాత్రం బ్రాడ్‌బ్యాండ్‌లో తక్కువ ఎక్స్‌పోజర్‌తో కొన్ని ఫ్రేములు తీసి, సాఫ్ట్‌వేర్‌తో నీహారికలోంచి నక్షత్రాలను తొలగించి, వాటి స్థానంలో వీటిని పెట్టడం ఇప్పుడు వాడుకైపోయింది. నక్షత్రం ఉష్ణోగ్రతను తెలిపే రంగు బ్రాడ్‌బ్యాండ్‌లోనే దొరుకుతుంది కనుక ఇందులో నాకు అభ్యంతరం కనిపించదు. నక్షత్రాన్ని తొలగించినచోట దాని వెనుక ఏముందో సాఫ్ట్‌వేర్ ఊహించి పూడుస్తుంది, ఆ పూడిక కొలత కాదు అన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

మీరు అప్పుడప్పుడు ప్రచురించే హబుల్ చిత్రాలను దీనితో కలిపి చూడకూడదు. 1995లో హబుల్ టెలిస్కోపు తీసిన గరుడ నీహారిక స్తంభాల చిత్రంలో గంధకానికి ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం కేటాయించారు. గంధకం, హైడ్రోజన్ రెండూ సహజంగా ఎరుపే కనుక వాటిని విడదీసి చూపడానికి అలా చేశారు. అది పటంలో జిల్లాలకు వేర్వేరు రంగులు వేయడం వంటిది, దాన్ని ఎవరూ అసలు రంగు అనలేదు. దేవయాని చిత్రంలో జరిగింది వేరు; అక్కడ హైడ్రోజన్ తన సొంత ఎరుపులోనే ఉంది, గొంతు మాత్రం పెంచారు.

ఈ పద్ధతికి హద్దులూ ఉన్నాయి. 7 నానోమీటర్ల హైడ్రోజన్ ఫిల్టరులో 654.8, 658.3 దగ్గరి నైట్రోజన్ రేఖలు కూడా దూరిపోతాయి. మేము హైడ్రోజన్ అని పిలిచేదానిలో కొంత నైట్రోజనే. మన నుంచి వేగంగా దూరమయ్యే గెలాక్సీలలో రేఖే జరిగిపోతుంది. పెర్సియస్ గెలాక్సీల గుంపులోని ఎన్‌జీసీ 1275 అనే గెలాక్సీ చుట్టూ ఉన్న ప్రఖ్యాతమైన హైడ్రోజన్ తంతువుల రేఖ 668 నానోమీటర్ల దగ్గరికి వచ్చి పడుతుంది, మామూలు హైడ్రోజన్ ఫిల్టరు దాన్ని చూడనే చూడదు. అటువంటి గెలాక్సీకి ఎవరైనా మామూలు ఫిల్టరుతో తీసిన ఎరుపును కలిపి చూపిస్తే అక్కడ ఆక్షేపించాల్సిందే. దేవయాని మనవైపు సెకనుకు సుమారు 300 కిలోమీటర్ల వేగంతో వస్తోంది, దానివల్ల జరిగేది 0.7 నానోమీటరు లోపే కనుక ఆ ఇబ్బంది లేదు.

ఇదంతా రంగుల గురించిన గిల్లికజ్జా మాత్రమే అయితే ఇంత పొడుగు ఉత్తరం రాసేవాణ్ని కాదు. ఇదే దేవయాని గెలాక్సీని మనుషులు ఫోటోలు తీయడం మొదలుపెట్టి శతాబ్దం దాటింది. అయినా దాని పక్కనే ఆకాశంలో ఒక పెద్ద ఆక్సిజన్ చాపం ఉందని 2022 దాకా ఎవరికీ తెలియదు. స్ట్రాట్నర్, డ్రెక్స్‌లర్, సైంటీ అనే ముగ్గురు ఔత్సాహికులు ఆక్సిజన్ ఫిల్టరుతో గంటల తరబడి తీసిన చిత్రాల్లో అది బయటపడింది. ఒక్క టెలిస్కోపును నమ్మక ఇతర పరికరాలతోనూ సరిచూసుకున్న తరువాత, వృత్తి శాస్త్రజ్ఞులతో కలిసి 2023 జనవరిలో ఆ సంగతిని అమెరికన్ ఆస్ట్రనామికల్ సొసైటీ వారి పరిశోధనా పత్రికలో ప్రచురించారు. ఆ చాపం మామూలు రంగుల చిత్రాల్లో కనిపించేది కాదు. గెలాక్సీతో పాటు చూపాలంటే బ్రాడ్‌బ్యాండ్ చిత్రానికి నేరోబ్యాండ్ పొర కలపడమొక్కటే దారి. ఆ నీలి ఆకుపచ్చ చాపాన్ని చూసి "ఇది కూడా అద్దినదే" అనుకునే పాఠకుడిని తప్పుపట్టలేం, చిత్రం కింద ఏమీ రాయకపోతే.

కలపడంలో మోసం ఎప్పుడవుతుందంటే, నా దృష్టిలో, చిత్రకారుడు మాస్కును, అంటే మార్పు ఎక్కడ వర్తించాలో తెలిపే ముసుగును, చేత్తో గీసి తనకు నచ్చినచోట మాత్రమే ఎరుపు పెంచినప్పుడు, లేదా మరొకరి చిత్రంలోని పొరను ఆ మాట చెప్పకుండా అతికించినప్పుడు. మొత్తం చిత్రానికి ఒకే సూత్రం, ఒకే గుణకం వర్తింపజేసినంతకాలం ఆ చిత్రంలోని ఏ రెండు మేఘాలనైనా పోల్చి చూడవచ్చు. ఒక్కచోట చేయి పెట్టినా ఆ పోలిక చెడిపోతుంది. మీకు చిత్రాలు పంపేవారిని, మొత్తం చిత్రానికి ఒకే సూత్రం, ఒకే గుణకం వాడారా అన్న ఒక్క ప్రశ్న అడిగితే చాలు, నిజాయితీగా పనిచేసేవారెవరూ జవాబు చెప్పడానికి వెనకాడరు. మా దగ్గర ఫ్రేముల లెక్క, ఫిల్టర్ల లెక్క ఎలాగూ రాసిపెట్టుకుని ఉంటాయి.

"అసలు రంగుల్లో" అన్న రెండు మాటల చోట రెండు మూడు వాక్యాలు అచ్చు వేయమని నా మనవి. స్థలం తక్కువన్న సంగతి తెలుసు కనుక ఒక నమూనా కూడా ఇస్తున్నాను, అంకెలను చిత్రం తీసినవారి దగ్గర తీసుకుని నింపితే సరిపోతుంది: "దేవయాని గెలాక్సీ. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లతో ఇన్ని గంటలు, 7 నానోమీటర్ల హైడ్రోజన్ ఫిల్టరుతో ఇన్ని గంటలు తీసినది. నక్షత్రకాంతిని తీసివేసి మిగిలిన హైడ్రోజన్ వెలుగును ఇన్ని రెట్లు చేసి ఎరుపులో కలిపారు."

ఇట్లు,
మీ పాఠకుడు